మంచులో ఇల్లు... నీటితో పోరు!

'ఇల్లు కట్టిచూడు, పెళ్లి చేసిచూడు' అన్నారు మనవాళ్లు. ఏడాదిలో నాలుగైదు నెలలు మంచు కురిసేచోట ఉండేవాళ్లయితే ఆ సామెతకి మరో ముక్క చేర్చుకోవాల్సిందే... 'కట్టిన ఇంటిని కాపాడిచూడు!' లద్దాఖ్ నుంచి జపాన్ దాకా, నార్వే నుంచి మన పిల్లలు ఇళ్లు కొనుక్కుంటున్న షికాగో, టొరంటోల దాకా... చలి ఊళ్లలోని ఇళ్లు తమ ఒంటిని ఎలా కాచుకుంటాయో చూద్దాం రండి.

గడ్డకట్టే చలి ఉన్న ఊళ్లో ఇంటికి అసలు శత్రువెవరు? ఎవర్ని అడిగినా తడుముకోకుండా 'చలే' అంటారు. చలి శత్రువే. కానీ ఇంట్లోని మనుషులకి. ఇంటికి కాదు! నమ్మకం కుదరకపోతే ఓ చిన్న ప్రయోగం ఊహించుకోండి. బాగా ఎండిన ఇటుకని ఫ్రీజర్లో పెట్టి ఏడాదిపాటు మర్చిపోండి. తీసి చూస్తే ఎలా పెట్టారో అలాగే ఉంటుంది. అదే ఇటుకని నీళ్లలో నానబెట్టి రాత్రి ఫ్రీజర్లో పెట్టి, పొద్దున్నే బయటికి తీసి, మళ్లీ నానబెట్టి, మళ్లీ పెట్టి... ఇలా కొన్నాళ్లు చేస్తే? సరిగా కాలని మెత్తటి ఇటుకైతే అంచులు రాలిపోతాయి. పైన పెచ్చులూడిపోతాయి.

చలి రెండుసార్లూ ఒక్కటే. తేడా అంతా నీటిదే. అందుకే మంచు ప్రాంతాల్లో ఇంటి బయటి భాగాన్ని కాపాడుకోవడం అంటే చలిని ఆపడం కాదు, నీటిని దగ్గరికి రానివ్వకపోవడం. వచ్చినా నిలవనివ్వకపోవడం. ఎక్కడైనా నిలిచిపోతే అది ఆరిపోయే దారి ఉంచడం. ప్రపంచంలో ఏ మూలకెళ్లినా, మంచులో నిలబడ్డ ఇళ్లన్నీ చేసే పని ఈ మూడే.

పదకొండు... పన్నెండవుతాయి!

చాలా పదార్థాలు చల్లబడితే కుంచించుకుపోతాయి. నీరు మాత్రం గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. దాదాపు తొమ్మిది శాతం. అంటే పదకొండు లీటర్ల నీరు గడ్డకడితే దానికి పన్నెండు లీటర్ల చోటు కావాలన్నమాట. నిండుగా నీళ్లు పోసి మూత బిగించిన గాజుసీసాని ఫ్రీజర్లో పెట్టి మర్చిపోయినవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. గోడలోని సన్నటి పగులు కూడా అలాంటి సీసానే. శరదృతువులో పడ్డ వాననీరు అందులో చేరుతుంది. రాత్రి గడ్డకట్టి పగులుని కాస్త పెద్దది చేస్తుంది. పొద్దున కరుగుతుంది. పెద్దదైన పగుల్లోకి ఈసారి మరికాస్త ఎక్కువ నీరు దిగుతుంది. మళ్లీ రాత్రి... మళ్లీ పొద్దున.

ఇక్కడో తమాషా ఉంది. సైబీరియాలోని యాకుత్స్క్ నగరంలో జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలకు చేరువగా ఉంటుంది. అక్కడ ఒకసారి గడ్డకట్టిన నీరు వసంతం వచ్చేదాకా కదలదు. అదే న్యూజెర్సీలోనో టొరంటోలోనో అయితే పగలు ప్లస్ నాలుగు, రాత్రి మైనస్ నాలుగు... చలికాలమంతా ఇదే ఊగిసలాట. గోడల్నీ మెట్లనీ ఎక్కువ బాధపెట్టేది ఈ ఊగిసలాటే. వంద రోజులు ఏకధాటిగా గడ్డకట్టుకుని ఉండటం కన్నా, వందసార్లు గడ్డకట్టి కరగడం ఇంటికి ఎంతో ప్రమాదం.

ఈ నీటి ఉబ్బుకి కాంక్రీటు విషయంలో మందు దొరికింది 1930ల్లో, అమెరికాలో. కొన్ని రోడ్లు ఎన్ని చలికాలాలు గడిచినా చెక్కుచెదరకపోవడం ఇంజినీర్లకు వింతగా తోచింది. ఆరా తీస్తే, ఆ సిమెంటుని నూరేటప్పుడు కలిపిన కొవ్వులాంటి పదార్థాలవల్ల కాంక్రీటులో కంటికి కనిపించనంత సన్నటి గాలిబుడగలు ఏర్పడ్డాయని తేలింది. గడ్డకట్టే నీరు ఉబ్బడానికి ఆ బుడగల్లో చోటు దొరుకుతోంది. ఇప్పుడు చలిదేశాల్లో ఇంటి ముందు మెట్లకీ కారు దారికీ వేసే కాంక్రీటులో కావాలనే అలా గాలిబుడగలు పట్టేలా చేస్తున్నారు.

బల్లపరుపు లేహ్... నిటారు షిరకావా

చలి ఎక్కువైతే ఇంటి కప్పు ఏటవాలుగా ఉండాలనుకుంటాం. మరి లద్దాఖ్‌లోని లేహ్ వెళ్లి చూడండి. రాత్రిపూట మైనస్ 20 డిగ్రీలకు పడిపోయే ఊళ్లో పాత ఇళ్లన్నిటికీ బల్లపరుపు కప్పులే! అదీ మట్టితో. పోప్లార్ దూలాలు వేసి, వాటిమీద విల్లో పుల్లలు అడ్డంగా పేర్చి, గడ్డి పరిచి, పైన మట్టి దట్టిస్తారు. ఆ కప్పుమీదే పశువులకి గడ్డి ఆరబెట్టుకుంటారు. ఎందుకంటే లేహ్ చలి ఎడారి. ఏడాది మొత్తానికి పడే వానా మంచూ కలిపితే దాదాపు పది సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో ఒక్క రోజులో అంతకన్నా ఎక్కువ కురిసిన సందర్భాలున్నాయి. నీరే లేనిచోట చలి ఆ మట్టికప్పుని ఏమీ చెయ్యలేదు. మంచు పడ్డప్పుడు మాత్రం అది కరిగేలోపే పారలతో నెట్టేస్తారు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో 2010లో తెలిసొచ్చింది. ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ చుట్టుపక్కల కుండపోతగా వాన కురిసింది. వరదా బురదా కలిసి ముంచుకొచ్చాయి. రెండువందల మందికి పైగా చనిపోయారు. తరాలపాటు చలిని తట్టుకున్న మట్టిగోడలు ఒక్క రాత్రి నీటిని తట్టుకోలేకపోయాయి.

దీనికి పూర్తి విరుద్ధం జపాన్‌లోని షిరకావా-గో. జపాన్ సముద్రం మీదుగా వచ్చే తేమగాలుల వల్ల అక్కడ మంచు మీటర్ల లెక్కన పడుతుంది. అందుకే ఆ పల్లెల్లో ఇళ్ల గడ్డికప్పులు దాదాపు 60 డిగ్రీల వాలుతో, నమస్కారం పెడుతున్న చేతుల్లా ఉంటాయి. వాటి పేరు 'గస్షో' అర్థం కూడా అదే, జోడించిన చేతులని! మంచు ఆ వాలుమీద ఎక్కువసేపు నిలవలేదు. అంతకన్నా తెలివైన సంగతి మరొకటుంది. కప్పు రెండు వాలులూ తూర్పు పడమరలకి ఉండేలా ఇళ్లన్నీ ఒకే దిక్కుకి కడతారు. పొద్దుటెండ ఒకవైపు గడ్డిని ఆరబెడితే, సాయంత్రపు ఎండ రెండోవైపుని ఆరబెడుతుంది. ముప్ఫై నలభై ఏళ్లకోసారి కప్పు మార్చాల్సి వచ్చినప్పుడు ఊరంతా కదిలొస్తుంది. వందా రెండొందల మంది కలిసి ఒకటి రెండు రోజుల్లో కొత్త గడ్డి కప్పేస్తారు. మన పల్లెల్లో ఒకప్పుడు తాటాకిల్లు కప్పేటప్పుడు ఇరుగుపొరుగు సాయం పట్టేవారు చూడండి, అలాగన్నమాట. 1995లో యునెస్కో ఈ పల్లెల్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

భూర్జపత్రం కప్పుకున్న ఇళ్లు

కాగితం లేని రోజుల్లో హిమాలయ ప్రాంతాల్లో గ్రంథాలు రాసుకున్నది భూర్జపత్రం మీద. బిర్చ్ చెట్టు బెరడు అది. పొరలు పొరలుగా ఊడొస్తుంది. నీటికి తొందరగా చివకదు. ఆ గుణాన్ని పసిగట్టిన కశ్మీరీలు దాన్ని ఇళ్లమీదా కప్పారు. చెక్కపలకలమీద బెరడు పొరలు పరిచి, పైన మట్టి వేసేవారు. వసంతం రాగానే శ్రీనగర్‌లోని పాత మసీదులూ దర్గాలూ ఇళ్ల కప్పులమీద తులిప్ పూలూ ఐరిస్ పూలూ విరబూసేవి. ఆ పూల వేళ్లు మట్టిని పట్టి ఉంచేవి. ఇప్పుడు కశ్మీరు ఇళ్లమీద ఎక్కువగా కనిపించేవి రేకులే.

వేల కిలోమీటర్ల దూరంలోని నార్వే పల్లెల్లోనూ సరిగ్గా ఇదే పద్ధతి. బిర్చ్ బెరడుని పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన గడ్డి మొలిచిన మట్టిపెళ్లలు పరుస్తారు. చూసేవాళ్లకి ఇంటిమీద పచ్చిక బయలు కనిపిస్తుంది. నీటిని ఆపేది మాత్రం ఆ పచ్చిక కాదు, కింద దాక్కున్న బెరడు. మట్టిపెళ్లలు బెరడు ఎగిరిపోకుండా బరువుగా ఉంటాయి, వెచ్చదనాన్నీ ఇస్తాయి. కశ్మీరుకీ నార్వేకీ మధ్య ఎవరూ కబురు మోసుకెళ్లి ఉండరు. ఒకే కష్టం, ఒకే చెట్టు... తోచిన ఉపాయమూ ఒక్కటే!

రాతిపీట ఎక్కిన గుడి... ఎర్రచొక్కా తొడుక్కున్న ఇల్లు

చెక్కతో కట్టిన ఇల్లు మంచులో ఎన్నాళ్లుంటుంది? నార్వేలోని ఉర్నెస్ చర్చిని కట్టింది 12వ శతాబ్దంలో. అంటే మన కాకతీయుల కాలం! ఇప్పటికీ నిలిచే ఉంది. అంతకుముందు కట్టిన చర్చిలకి స్తంభాలను నేరుగా నేలలో పాతేవారు. చెమ్మకి మొదళ్లు కుళ్లి కొన్ని దశాబ్దాల్లోనే కూలిపోయేవి. తర్వాతివాళ్లు చేసిన మార్పు ఒక్కటే... రాతిపునాది మీద చెక్క దిమ్మెలు పరిచి వాటిమీద స్తంభాలు నిలబెట్టారు. చెక్క నేలని తాకదు, నేల తడి చెక్కకి ఎక్కదు. పైన పైన్ చెట్ల మొద్దుల నుంచి తీసిన తారుని కొన్నేళ్లకోసారి పూస్తూ వచ్చారు. ఒకప్పుడు వందల సంఖ్యలో ఉన్న ఆ కొయ్య చర్చిల్లో నేటికి 28 మిగిలాయి. మిగిలినవన్నీ పూత మానకుండా వేయించుకున్నవే.

స్వీడన్ పల్లెల్లోని ఇళ్లు ఎర్రగా, తెల్లటి కిటికీ అంచులతో బొమ్మల్లా ఉంటాయి. ఆ ఎరుపు ఫలూన్ అనే ఊళ్లోని రాగి గని నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో ఐరోపా వాడిన రాగిలో చాలా భాగం ఆ గనిదే. రాగి తీశాక మిగిలిన ఎర్రమట్టిలాంటి వ్యర్థాన్ని నీళ్లూ రై పిండీ అవిసె నూనెతో కలిపి ఉడికిస్తే చిక్కటి రంగు తయారవుతుంది. గని 1992లో మూతపడినా రంగు తయారీ మాత్రం ఆగలేదు.

ఆ రంగు గొప్పతనం ఎరుపులో లేదు, ఊపిరిలో ఉంది. అది చెక్కమీద ప్లాస్టిక్ పొరలా బిగుసుకుపోదు. వాన తడి లోపలికి వెళ్లినా మళ్లీ ఆవిరై బయటికి పోనిస్తుంది. పాతబడితే పొక్కులు లేవదు, పొడిలా రాలుతుంది. బ్రష్‌తో దులిపి మళ్లీ పూసుకోవడమే. నీటిని ఆపడం ఎంత ముఖ్యమో, దొంగదారిన దూరిన నీటిని పోనివ్వడం అంత ముఖ్యమని గుర్తించిన రంగు అది.

ఆ రెండో ముక్క మర్చిపోయినందుకు కెనడాలోని వాంకూవర్ ప్రాంతం భారీ మూల్యం చెల్లించింది. అక్కడ చలికన్నా వాన ఎక్కువ. 1980, 90ల్లో వేలకొద్దీ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఎండ దేశాల భవనాల్లా ముచ్చటగా కనిపించాలని కొన్నిటికి చూరు లేకుండా కట్టేశారు. గోడలమీద గట్టి పూత పూశారు. కిటికీ అంచుల్లోంచి గోడలోకి దిగిన నీటికి బయటపడే మార్గం లేక లోపలి చెక్కంతా కుళ్లిపోయింది. అప్పు చేసి ఫ్లాటు కొన్నవాళ్లు మరమ్మతుకి మళ్లీ అప్పుచేశారు. కొందరు ఇళ్లు వదులుకున్నారు. 1998లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్కడ బయటి గోడకీ లోపలి గోడకీ మధ్య సన్నటి ఖాళీ వదిలి కడుతున్నారు. దూరిన నీరు ఆ ఖాళీలోంచి జారి కిందికి పోతుంది, మిగిలిన తడిని గాలి ఆర్పేస్తుంది.

మన పిల్లల ఇళ్ల సంగతి

ఇప్పుడు షికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్, న్యూజెర్సీ, టొరంటోల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల దగ్గరికి వద్దాం. అక్కడి ఇల్లు చాలావరకు చెక్క చట్రం. దానిమీద పలకలు, ఆపైన తెల్లటి పలచటి చుట్టు. రెయిన్‌కోటులాంటిది అది. నీటిబొట్టుని లోపలికి రానివ్వదు, ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. అన్నిటికన్నా పైన మనకి కనిపించే వినైల్ పట్టీలో ఇటుక వరసో ఉంటుంది. వినైల్ పట్టీలను బిగించి మేకు కొట్టరు, కాస్త వదులుగా వేలాడదీస్తారు. చలికి కుంచించుకుని ఎండకి సాగేందుకు వీలుగా! ఇక ఇటుక గోడ అయితే అడుగు వరసలో అక్కడక్కడా చిన్న సందులు కనిపిస్తాయి. చీమలు దూరతాయనో, మేస్త్రీ పని సరిగా చెయ్యలేదనో కొందరు వాటిని సిమెంటుతో పూడ్చేస్తుంటారు. ఆ పని మాత్రం చెయ్యకండి. ఇటుక వెనక చేరిన నీరు బయటికి పోవడానికి పెట్టిన దారులవి.

చూరుకి వరసగా వేలాడే మంచు ఊచలు ఫొటోకి ఎంతో అందంగా ఉంటాయి. ఇంటికి మాత్రం అవి జ్వరం వచ్చిందని చెప్పే థర్మామీటరు. కథ ఇలా నడుస్తుంది. ఇంట్లోని వేడిగాలి సందుల్లోంచి అటకమీదికి చేరుతుంది. అటక వేడెక్కి కప్పుమీది మంచుని అడుగునుంచి కరిగిస్తుంది. ఆ నీరు జారుకుంటూ చూరు దాకా వస్తుంది. చూరు కింద వెచ్చటి గది ఉండదు కాబట్టి అక్కడికి రాగానే గడ్డకడుతుంది. అలా చూరు పొడవునా మంచు ఆనకట్ట లేస్తుంది. వెనక ఆగిన నీరు పైకి ఎగదన్ని కప్పు పెంకుల సందుల్లోంచి ఇంట్లోకి కారుతుంది. బయట మైనస్ పది డిగ్రీలు... లోపల హాల్లో బక్కెట్లు! 2014-15 చలికాలంలో బోస్టన్‌లో 110.6 అంగుళాల రికార్డు మంచు కురిసినప్పుడు ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్లకి ఇదే గతి పట్టింది.

అప్పుడు నిచ్చెనెక్కి గొడ్డలితోనో సుత్తితోనో ఆ గడ్డని కొడితే మంచుతోపాటు కప్పూ విరుగుతుంది, ఒక్కోసారి కాళ్లూచేతులూ విరుగుతాయి. అసలు చికిత్స చెయ్యాల్సింది కప్పుకి కాదు, అటకకి. సీలింగులో దీపాల చుట్టూ, గొట్టాల చుట్టూ ఉన్న సందులు మూసి, అటక నేలమీద దట్టంగా ఇన్సులేషన్ పరిపించాలి. చూరు దగ్గర చల్లగాలి లోపలికి వచ్చే దారులు మూసుకుపోకుండా చూడాలి. అప్పుడు కప్పు బయటి చలితో సమానంగా చల్లగా ఉంటుంది. మంచు దానిమీద పడుకుని, రోజులు బాగున్నప్పుడు తనంతట తానే కరిగిపోతుంది. కొత్తగా కప్పు వేయించుకునేవాళ్లు చూరు అంచునుంచి గోడ దాటి రెండు అడుగుల లోపలిదాకా అతుక్కునే నీటి నిరోధక పొర వేయించాలి. మంచు ఆనకట్ట భయం ఉన్న ప్రాంతాల్లో నిబంధన కూడా అదే.

మరో సంగతి మన వంటింటిది. ఇడ్లీకుండా, కుక్కరూ, పులుసు గిన్నే... మన పొయ్యిమీంచి లేచే ఆవిరి తక్కువేం కాదు. స్నానాలూ తడిబట్టలూ దానికి తోడు. అదంతా గోడలోకో అటకలోకో చేరి, చల్లటి చెక్కని తాకగానే మళ్లీ నీరవుతుంది. వంటింటి పొయ్యిమీది ఫ్యాను గాలిని తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం కాకుండా గొట్టం ద్వారా బయటికి పంపేది ఉండాలి. స్నానాలగది ఫ్యాను గొట్టం అటకలో తెరిచి ఉందేమో ఒకసారి చూడటం మంచిది. అలా ఉంటే అది ఇంటిలోపల కురిసే వానే!

నేలకీ ఉబ్బు తప్పదు

గోడలోని నీరే కాదు, నేలలోని నీరూ గడ్డకట్టి ఉబ్బుతుంది. పైపై పునాది అయితే దాన్ని ఎత్తిపడేస్తుంది. అందుకే పునాది అడుగు చలి చేరే లోతుకన్నా కిందికి వెళ్లాలి. మినెసోటా రాష్ట్రంలో దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు లోతు ఉండాలన్నది నిబంధన. ఇంటి ముందు మెట్లో, తర్వాతెప్పుడో వేసుకున్న చెక్క వరండానో ఆ లోతుకి వెళ్లకపోతే రెండు మూడు చలికాలాల్లో ఇంటినుంచి విడిపోయి పక్కకి ఒరుగుతాయి.

యాకుత్స్క్‌లో సమస్య తలకిందులు. అక్కడ నేల లోతుల దాకా ఏడాదంతా గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వేడి తగిలి అది కరిగిందంటే ఇల్లు కుంగిపోతుంది. అందుకే భవనాలను కాంక్రీటు స్తంభాలమీద, నేలకి ఎడంగా నిలబెడతారు. కిందనుంచి చల్లగాలి వీస్తూ నేలని గడ్డగానే ఉంచుతుంది.

మామూలు చలి ఊళ్లలో చెయ్యాల్సింది తేలికే. ఇంటి చుట్టూ నేల వాలు ఇంటినుంచి బయటికి ఉండాలి. మొదటి పది అడుగుల్లో కనీసం ఆరు అంగుళాల వాలు ఉండాలంటాయి అమెరికా నిబంధనలు. కప్పునుంచి దిగే గొట్టం నీటిని గోడ మొదట్లోనే వదిలేయకుండా నాలుగైదు అడుగుల దూరం పంపాలి.

ప్రాణాలమీదికొచ్చేవి రెండు

ఇంటికి జరిగే నష్టం డబ్బుతో పోతుంది. కానీ చలికాలంలో ఇంటి బయటి పనుల్లో ప్రాణాలకే ముప్పు తెచ్చేవి రెండున్నాయి. ఒకటి, కప్పుమీది బరువు. ఘనపు మీటరు తాజా మంచు సాధారణంగా వంద కిలోల లోపే ఉంటుంది. తడిసి గట్టిపడితే మూడొందల కిలోలు దాటొచ్చు. పూర్తిగా గడ్డ అయితే తొమ్మిదొందల పైమాటే. 2006 జనవరి 2న జర్మనీలోని బాడ్ రైషెన్‌హాల్‌లో ఐస్ స్కేటింగ్ హాలు కప్పు మంచు బరువుకి కూలి 15 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. విచారిస్తే తేలిందేమిటంటే, కప్పు చెక్క దూలాలను అతికించిన జిగురు ఏళ్లతరబడి చెమ్మకి బలహీనపడిందని. మంచు పడేసింది నిజమే... అప్పటికే నీరు తినేసిన కప్పుని!

అలాగని మంచు తొయ్యడానికి కప్పెక్కడం ఇంకా ప్రమాదం. జపాన్‌లో 2005-06 చలికాలం 152 మందిని బలి తీసుకుంది. వాళ్లలో ఎక్కువమంది మంచు తొలగిస్తూ ప్రమాదాలకి గురైన పెద్ద వయసువాళ్లు. నేలమీద నిలబడే పొడవాటి కర్రకున్న పలకతో లాగుకోవాలి. అందనంత ఎత్తయితే ఆ పని తెలిసినవాళ్లని పిలవాలి.

రెండోది, పొగగొట్టం. చాలా ఇళ్లలో ఫర్నేసు పొగ పక్కగోడలోంచి బయటికి పోతుంది. పెనుగాలికి మంచు మేటవేసి ఆ గొట్టాన్ని కప్పేస్తే వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తిరిగొస్తుంది. 2005 జనవరిలో మసాచుసెట్స్‌లో ఓ మంచు తుపాను తర్వాత ఏడేళ్ల చిన్నారి అలాగే కన్నుమూసింది. ఆ తర్వాత ఆ రాష్ట్రం ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసింది. ఆ చట్టాన్ని పాప పేరుతోనే 'నికోల్స్ లా' అంటారు. మంచు ఆగగానే కారు దారికన్నా ముందు శుభ్రం చెయ్యాల్సింది ఆ గొట్టం చుట్టూనే.

మంచు పడకముందే... ఈ పనులు!

• ఆకులు రాలడం ఆగగానే చూరు గట్టర్లను శుభ్రం చెయ్యాలి. ఆకులు నిండిన గట్టరు మంచుగడ్డని మోసే తొట్టి అవుతుంది.

• తోటకి నీళ్లుపెట్టే రబ్బరు గొట్టాన్ని బయటి కుళాయి నుంచి విప్పేయాలి. విప్పకపోతే, గడ్డకట్టకుండా చేసిన కుళాయి అయినా గోడలోనే పగలొచ్చు. లోపల వాల్వు ఉంటే కట్టేసి, మిగిలిన నీటిని వదిలేయాలి.

• కిటికీలూ తలుపుల చుట్టూ పగిలిన సీలెంటుని గీకేసి కొత్తది పెట్టాలి. పాతదానిమీదే పూస్తే నిలవదు.

• రంగులు వేయించాలంటే సెప్టెంబరులోపే. చాలా రంగులకు పది డిగ్రీలన్నా వెచ్చదనం కావాలి. కొన్ని అంతకన్నా తక్కువలోనూ ఆరతాయి, డబ్బామీద చూసుకోవాలి. పగలే కాదు, ఆ రాత్రి ఎంత చలి ఉంటుందో కూడా చూసుకోవాలి.

• కొత్తగా వేసిన కాంక్రీటు మీద మొదటి చలికాలం ఉప్పు చల్లకూడదు. పెచ్చులూడిపోతుంది. కాలు జారకుండా ఇసుక చల్లితే చాలు.

• గోడని ఆనుకుని పెరిగిన పొదలను కత్తిరించాలి. గోడకి ఎండా గాలీ తగలాలి.

• కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ చూసుకోవాలి.

అరుగూ చూరూ చెప్పే పాఠం

మంచు సంగతులు మనకెందుకు అనిపించవచ్చు. లంబసింగిలో తెల్లారుజామున గడ్డిమీద మెరిసే మంచుబిందువులు తప్ప మనకి గడ్డకట్టే నీటి బాధ లేదు. కానీ నీటి బాధ లేదా? గోడలకి చెమ్మ, రంగుకి పొక్కులు, పెచ్చులూడే స్లాబు... ఏ కాలనీలో చూసినా కనిపించేవే కదా. మనకి ఎండ ఉంది కాబట్టి తడిసిన గోడ కొన్నాళ్లకి ఆరుతుంది, తప్పు కప్పుకుపోతుంది. మంచు దేశంలో ఆ వెసులుబాటు లేదు. చేసిన తప్పుని మొదటి చలికాలమే బయటపెడుతుంది.

మన పెంకుటిళ్లను గుర్తు తెచ్చుకోండి. వానజల్లు గోడని తాకకుండా ముందుకి దిగిన చూరు. నేల తడి గోడకి ఎక్కకుండా ఎత్తుగా కట్టిన అరుగు. నార్వే చర్చి రాతిపీటకీ మన అరుగుకీ, షిరకావా వాలుకీ మన చూరుకీ పెద్ద తేడా లేదు. మంచుకైనా వానకైనా ఇల్లు చెయ్యాల్సిన పని ఒకటే.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ పల్లం మన ఇంటి గోడవైపు లేకుండా చూసుకుంటే చాలు... లేహ్‌లో అయినా, షికాగోలో అయినా, మన ఊళ్లో అయినా ఇల్లు పదికాలాలపాటు చల్లగా ఉంటుంది!